కారు ఏసీలో గ్యాస్ నింపించే ముందు లీకేజీ చూపించండి

ఎండాకాలంలో కారు ఏసీ చల్లగా రాకపోతే చాలామంది నేరుగా గ్యాస్ నింపించేస్తారు. నెల తిరిగేసరికి మళ్లీ వేడిగాలే. ఏసీ గ్యాస్ పెట్రోల్‌లా ఖర్చయ్యేది కాదు, మూసి ఉన్న పైపుల్లోనే తిరుగుతుంది. ఒక్క సీజన్‌లోనే తగ్గిందంటే ఎక్కడో లీకవుతున్నట్టే.

ముందు క్యాబిన్ ఫిల్టర్, కండెన్సర్ దుమ్ము పట్టాయేమో చూపించండి. ఒక్కోసారి అవి శుభ్రం చేస్తేనే సరిపోతుంది.

పైపు జాయింట్ల దగ్గర నూనె తడి కనిపిస్తే అది లీకేజీ గుర్తు. మెకానిక్‌తో నైట్రోజన్ ప్రెషర్ పెట్టించి, సబ్బు నురగ పూయించండి. బుడగలు వచ్చిన చోటే లీకు. బుడగలు ఎక్కడా రాకుండా ప్రెషర్ పడిపోతుంటే డ్యాష్‌బోర్డు లోపలి కూలింగ్ కాయిల్‌ను అనుమానించాలి.

రిపేరయ్యాక అరగంటైనా వ్యాక్యూమ్ పెట్టించాలి. లోపలి గాలి, తేమ పోతాయి. పంపు ఆపాక గేజ్ ముల్లు కదలకూడదు.

తర్వాత బానెట్ కింది స్టిక్కర్‌పై రాసిన గ్యాసే, అన్ని గ్రాములే తూకం వేసి నింపించండి. చాలా కార్లకు ఆర్-134ఎ వాడతారు. ఎక్కువ నింపినా కూలింగ్ తగ్గుతుంది.

గ్యాస్‌తో పాటే కంప్రెసర్‌కు ఆయిల్ అందుతుంది. గ్యాస్ తగ్గినా ఏసీ అలాగే నడిపితే కంప్రెసర్ పట్టేస్తుంది. అప్పుడు ఖర్చు వేలల్లోనే. అందుకే బిల్లులో గ్యాస్ రకం, గ్రాములు, చేసిన లీకేజీ టెస్టు రాయించుకోండి.