చెట్టెక్కే నీటికి వేడి గుర్తు

‘మా పొలం పక్కన జామాయిల్ తోట వేశారు. బోరు ఎండిపోతుందని ఊళ్లో అందరూ అంటున్నారు. ఒక్కో చెట్టు రోజుకు ఎన్ని నీళ్లు తాగుతుందో కొలిచే దారేదైనా ఉందా?’ అని ఒక పాఠకుడు అడిగారు. ఉంది. అది ఎంత అందమైన దారో చెప్పాలని నాకు ఎప్పటినుంచో ఉబలాటం.

ఆకులు నీటిని ఆవిరిగా వదులుతున్నకొద్దీ, కాండంలోని సన్నటి గొట్టాల్లో వేళ్లదాకా ఉన్న నీటి తీగ పైకి సాగుతుంది. గొట్టం కోసి మీటరు పెడదామంటే తీగ తెగిపోతుంది. కోయకుండా కొలవాలంటే నీటికి ఏదో గుర్తు పెట్టాలి. వృక్షశాస్త్రవేత్త బ్రూనో హ్యూబర్ 1932లో వేడినే గుర్తుగా పెట్టాడు. కాండంలో ఒకచోట క్షణకాలం వేడి చేసి, ఆ వేడి పైకి ఎప్పుడు చేరుతుందో చూశాడు.

ఇక్కడే ఒక చిక్కు ఉంది. పంట కాలవలో గుప్పెడు పసుపు వేస్తే అది కొట్టుకుపోవడమే కాదు, చుట్టూ పరుచుకుంటుంది కూడా. కర్రలో వేడీ అంతే. నీరు కదలకపోయినా వేడి పైకి చేరుతుంది. మరి మోసుకెళ్లిందెంత, పాకిందెంత?

1937లో హ్యూబర్, ష్మిట్ అనే మరో పరిశోధకుడు కలిసి కనిపెట్టిన ఉపాయం చూడండి. హీటరు సూదికి పైన 10 మిల్లీమీటర్ల దూరంలో ఒక ఉష్ణోగ్రత సూది, కింద 5 మిల్లీమీటర్ల దూరంలో ఇంకొకటి ఉన్నాయనుకుందాం. ఒకటి రెండు సెకన్లు వేడి చేస్తే, దగ్గరగా ఉన్న కింది సూది ముందు వెచ్చబడుతుంది. ఈలోగా నీరు వేడి ముద్దను మెల్లగా పైకి జరుపుతుంటుంది. ఒక క్షణాన రెండు సూదులూ ఒకే ఉష్ణోగ్రత చూపిస్తాయి. అంటే వేడి ముద్ద నడిబొడ్డు సరిగ్గా రెండిటి మధ్యకు, హీటరుకు 2.5 మిల్లీమీటర్ల పైకి వచ్చిందన్నమాట! వేడి రెండు వైపులకూ సమానంగానే పాకుతుంది కాబట్టి ఆ పాకుడు లెక్కలోంచి తనంతట తానే కొట్టుకుపోయింది. ఆ క్షణం 100 సెకన్లకు వస్తే వేడి వేగం గంటకు 9 సెంటీమీటర్లు. కాగితం మీద భాగహారం తప్ప ఇంకేమీ అక్కర్లేదు. ఇది మొదటిసారి చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అయితే సూది ఒక్క మిల్లీమీటరు పైకో కిందకో పోతే మధ్య బిందువు అర మిల్లీమీటరు జరుగుతుంది. 2.5లో అర అంటే ఇరవై శాతం తప్పు! అందుకే రంధ్రాలున్న ఉక్కు దిమ్మను బెరడుకు బిగించి, దాని గుండానే డ్రిల్లు దింపుతారు.

తప్పులు పద్ధతిలోనూ దొర్లాయి. వేడి వేగమే నీటి వేగమని చాలాకాలం అనుకున్నారు. నీరు తన వేడిని గొట్టం గోడలకు పంచుతూ వెళ్తుందనీ, అందువల్ల వేడి వెనకబడుతుందనీ 1958లో మార్షల్ అనే శాస్త్రవేత్త లెక్కగట్టి చూపించాడు. కర్ర సాంద్రత, తేమ తెలియకుండా నీటి లెక్క తేలదు. 1985లో ఫ్రాన్సు శాస్త్రవేత్త గ్రానియే రెండు సూదులతోనే పని ముగించాడు. పై సూదిని ఆపకుండా వేడి చేస్తుంటే, నీరు పారినకొద్దీ అది చల్లబడుతుంది. చౌక, తేలిక. కానీ రాత్రి ప్రవాహం సున్నా అనుకుని దాన్నిబట్టే పగటి లెక్క వేస్తారు. పొడిగాలి వీచే రాత్రుల్లో చాలా చెట్లు నీరు లాగుతూనే ఉంటాయి. అప్పుడు సున్నాయే తప్పయితే పగటి లెక్కంతా తక్కువగా వస్తుంది.

2001లో బర్జెస్ అనే శాస్త్రవేత్త బృందం రెండు సూదుల్నీ హీటరుకు సమాన దూరంలో పెట్టి, వాటి వేడి నిష్పత్తి చూసింది. ఆ పద్ధతికి నత్తనడక ప్రవాహమే కాదు, తిరోగమనమూ దొరుకుతుంది. లోతు వేళ్లు తోడిన నీరు రాత్రిళ్లు పై వేళ్ల గుండా ఎండిన మట్టిలోకి దిగడం ఈ సూదులతో కొలవగలం.

ఇప్పుడు ఈ సూదుల్ని డ్రిప్పు ఎప్పుడు వదలాలో చెప్పే పరికరాలుగా తోటలకు అమ్ముతున్నారు. ఏ జాతి చెట్టుకు ఆ జాతి లెక్క సరిచూడకుండా ఫోనులో లీటర్లు చూపించడం నాకు నచ్చదు. పైగా సాధారణంగా బెరడుకు దగ్గర ప్రవాహం ఎక్కువ, లోపలికి పోయేకొద్దీ తక్కువ. చేవలో దాదాపు ఉండదు.

అందుకే ఉత్తరం రాసిన పాఠకుడికి ఒక మనవి. ఆ తోటలో చెట్టు కొట్టినప్పుడు పచ్చి మొద్దు మీద చేవ చుట్టూ నీరు పారే లేతరంగు వలయం ఎంత వెడల్పుందో స్కేలుతో కొలిచి, మొద్దు చుట్టుకొలతతో సహా రాసి పంపండి. నీటి వేగాన్ని ఆ వలయం వైశాల్యంతో గుణిస్తేనే లీటర్లు తేలతాయి కాబట్టి లెక్క అక్కడినుంచే మొదలుపెడదాం.