ఉద్యోగ గణాంకాలను చదివే పద్ధతి

ఒక ప్రాంతంలో ఏ వృత్తిలో ఎంతమంది పనిచేస్తున్నారు, వారికి ఎంత వేతనం ముడుతోంది, ఏ పనులకు మనుషులు దొరకడం లేదు, ఏ చదువు చదివినవారు చివరికి ఏ పనుల్లో కుదురుకుంటున్నారు అనే ప్రశ్నలకు సమాధానంగా క్రమం తప్పకుండా సేకరించి ప్రకటించే లెక్కలను శ్రామిక విపణి సమాచారం అంటారు. ఒకప్పుడు లావుపాటి ప్రభుత్వ సంపుటాల్లో మగ్గిన ఈ లెక్కలు ఇప్పుడు అంతర్జాలంలో ఎవరికైనా ఉచితంగా దొరుకుతున్నాయి. అయినా ఈఏపీసెట్ కౌన్సెలింగ్ మొదలయ్యేసరికి తెలుగు కుటుంబాల్లో అత్యధికం ఆధారపడేది కాలేజీల ఫ్లెక్సీల మీద అచ్చయ్యే ప్యాకేజీ అంకెలపైన, అమెరికాలోనో బెంగళూరులోనో స్థిరపడిన బంధువుల మాటపైన మాత్రమే. నాలుగేళ్ళ చదువుకు, లక్షల రూపాయల ఖర్చుకు ఇంత పలుచని ఆధారం చాలదు. అలాగని గణాంకాల పట్టికను తెరిచి పైవరుసలో కనిపించిన వృత్తిని ఎంచుకోవడం కూడా అంత మేలైన పనేమీ కాదు. ఏ లెక్కనైనా ఎవరిని అడిగి, దేన్ని ఉద్యోగంగా ఎంచి, ఎప్పుడు తీశారో తెలిసినప్పుడే అది మనిషికి అక్కరకు వస్తుంది.

ఈ రంగంలో అత్యంత విస్తృతమైన వ్యవస్థల్లో ఒకటి అమెరికాది. ఏటా తెలుగు విద్యార్థులు పెద్ద సంఖ్యలో వెళ్తున్న దేశం కూడా అదే కనుక దాని తీరు తెలుసుకోవడం వృథా కాదు. 1884లో ఏర్పడిన అక్కడి కార్మిక గణాంకాల సంస్థ, రెండవ ప్రపంచయుద్ధం ముగిశాక తిరిగివచ్చిన సైనికులకు ఉపాధి దారి చూపే ప్రయత్నం నుంచి, వృత్తుల భవిష్యత్తును వివరించే ఒక కరదీపికను రూపొందించి 1949లో మొదటిసారి ప్రచురించింది. అదిప్పుడు అంతర్జాలంలో ఎప్పటికప్పుడు సవరణలతో వెలువడుతోంది. ప్రతి వృత్తికీ ఒక సంకేత సంఖ్య ఇచ్చే ప్రామాణిక వర్గీకరణ ఒకటి ఉంది. 2018 నాటి కూర్పులో 867 వృత్తులు ఉన్నాయి. మూడేళ్ళ వ్యవధిలో దాదాపు 11 లక్షల సంస్థలను అడిగి, ఈ వర్గీకరణ ప్రకారం, నగరాలవారీగా ఉద్యోగుల సంఖ్యనూ వేతనాలనూ లెక్కగడతారు. అయితే అడిగేది సంస్థలనే కాబట్టి సొంతంగా పనిచేసుకునేవారు ఈ లెక్కలోకి రారు. వీటికి తోడు 1998లో మొదలైన ఓ-నెట్ అనే వేదిక, ఒక్కొక్క వృత్తిలో మనిషి రోజూ చేసే పనులేమిటి, వాటికి ఏ నైపుణ్యాలు కావాలి, దానికి దగ్గరగా ఉండే ఇతర వృత్తులు ఏవి అన్న వివరాలను ఇస్తుంది. ఉన్న ఉద్యోగం పోయినవారికీ, నడివయసులో దారి మార్చుకోదలచినవారికీ ఈ చివరి అంశమే ఎక్కువగా ఉపయోగపడుతుంది, ఎందుకంటే చేతిలో ఉన్న విద్యతో మొదటి మెట్టు నుంచి ఎక్కనవసరం లేని పని ఏదో వారు అక్కడ వెతుక్కోవచ్చు.

ఆ కరదీపికలోని రెండు వృత్తులను పక్కపక్కన పెట్టి చూస్తే ఇలాంటి లెక్కలను ఎలా చదవాలో తెలుస్తుంది. 2023 నుంచి 2033 వరకు వేసిన అంచనాలో అందరికంటే వేగంగా పెరిగే వృత్తి గాలిమరల మరమ్మతు టెక్నీషియన్లది. పెరుగుదల 60 శాతం. అయితే 2023లో ఆ వృత్తిలో ఉన్నవారే సుమారు 11,400 మంది కనుక, పదేళ్ళలో కొత్తగా వచ్చే ఉద్యోగాలు అంత పెద్ద దేశం మొత్తం మీద ఏడు వేలకు మించవు. అదే అంచనాలో, ఇళ్ళకు వెళ్ళి వృద్ధులకూ రోగులకూ సేవలు చేసే సహాయకుల పెరుగుదల 21 శాతమే అయినా, అప్పటికే 40 లక్షలకు దగ్గరగా ఉన్న ఆ వృత్తికి కొత్తగా చేరే ఉద్యోగాలు 8 లక్షల పైచిలుకు. శాతాన్ని చూసినవారికి మొదటిదీ, సంఖ్యను చూసినవారికి రెండవదీ గొప్పగా కనిపిస్తాయి.

కథ అక్కడితో ముగియదు. సహాయకుల వృత్తిలో ఏటా 7 లక్షలకు పైగా ఖాళీలు ఏర్పడతాయని అదే అంచనా చెబుతోంది. పదేళ్ళలో పెరిగేవే 8 లక్షలైతే ఒక్క ఏడాదిలో 7 లక్షల ఖాళీలు ఎలా వస్తాయన్న సందేహం సహజమే. వాటిలో ఎక్కువ భాగం కొత్తగా పుట్టిన కొలువులు కావు, ఉన్నవారు విరమించుకోవడం వల్లనో మరో పని చూసుకుని వెళ్ళిపోవడం వల్లనో మిగిలిన స్థానాలు. 2023 మే నాటికి ఆ పనిలో మధ్యగత వార్షిక వేతనం 33,530 డాలర్లు కాగా, గాలిమరల టెక్నీషియన్లది 61,770 డాలర్లు. మధ్యగతం అంటే వేతనాలన్నిటినీ తక్కువ నుంచి ఎక్కువకు వరుసగా పేర్చినప్పుడు సరిగ్గా నడుమ నిలిచేది. సగం మందికి అంతకంటే తక్కువ, సగం మందికి అంతకంటే ఎక్కువ వస్తుంది. ఖాళీల సంఖ్య పెద్దదిగా ఉండటం ఆ వృత్తికి గిరాకీ ఉందనడానికి ఎంత గుర్తో, అందులో మనుషులు నిలవడం లేదనడానికీ అంతే గుర్తు కావచ్చు. పక్కనే వేతనాన్ని చూడకుండా ఈ రెంటినీ విడదీయడం సాధ్యం కాదు.

వర్గీకరణ తెలియకపోవడం వల్ల వచ్చే చిక్కు మరొకటి. అదే పదేళ్ళ అంచనాలో కంప్యూటర్ ప్రోగ్రామర్ల ఉద్యోగాలు 10 శాతం తగ్గుతాయనీ, సాఫ్ట్‌వేర్ డెవలపర్లు, నాణ్యత పరీక్షకుల ఉద్యోగాలు 17 శాతం పెరుగుతాయనీ ఉంది. మన ఇళ్ళలో ఈ ఇద్దరినీ కలిపి సాఫ్ట్‌వేర్‌లో ఉన్నారనే అంటారు. వర్గీకరణ దృష్టిలో మాత్రం ఇతరులు నిర్ణయించిన రూపాన్ని కోడ్‌గా రాసేవారు వేరు, అవసరాన్ని అర్థం చేసుకుని ఆ రూపాన్ని నిర్ణయించేవారు వేరు. కోడ్ రాయడం ఒక్కటే నేర్పి పంపే కోర్సులకు ఈ రెండు అంకెల మధ్య దూరం ఒక హెచ్చరిక. అక్కడ ఎంఎస్ ముగించి ఉద్యోగం వెతుక్కునేవారికి ఉపయోగపడే సాధనం ఇంకొకటుంది. హెచ్-1బీ వంటి వీసాల కోసం అమెరికా కార్మిక శాఖ ఒక్కొక్క వృత్తికి, ఒక్కొక్క ప్రాంతానికి నాలుగు వేతన స్థాయిలను ప్రకటిస్తుంది. వాటిలో అట్టడుగు స్థాయి దాదాపు 17వ శతాంశం దగ్గర, అంటే నూటికి 17 మంది మాత్రమే అంతకంటే తక్కువ పొందే చోట ఉంటుంది. డాలస్‌లో వచ్చిన అవకాశాన్ని శాన్ హోసేలో వచ్చినదానితో పోల్చేముందు, రెండుచోట్లా ఆ వేతనం ఏ స్థాయిలోకి వస్తుందో చూసుకోవడం ఐదు నిమిషాల పని.

భారతదేశంలో ఈ సమాచారానికి ప్రధానాధారం 2017 ఏప్రిల్‌లో మొదలైన నియమితకాల శ్రామిక శక్తి సర్వే. ఇది సంస్థలను కాక కుటుంబాలను అడుగుతుంది కాబట్టి కూలీలు, రైతులు, వీధి వ్యాపారులు, ఇంటినుంచి బీడీలు చుట్టేవారు కూడా ఇందులోకి వస్తారు. దీన్ని చదివేవారు ముందుగా తెలుసుకోవలసింది నిర్వచనాలను. వారపు స్థితి అనే కొలత ప్రకారం, గడిచిన ఏడు రోజుల్లో ఏ ఒక్క రోజైనా కనీసం ఒక గంట పని చేసిన వ్యక్తి ఉద్యోగంలో ఉన్నట్టే లెక్క. సాధారణ స్థితి అనే మరో కొలత గడిచిన 365 రోజులను చూస్తుంది. కుటుంబ దుకాణంలోనో పొలంలోనో జీతం లేకుండా చేయి కలిపేవారూ ఉద్యోగుల కిందికే వస్తారు. సాధారణ స్థితి కొలతతో 15 నుంచి 29 ఏళ్ళవారిలో నిరుద్యోగిత 2017-18లో 17.8 శాతం ఉండగా 2023-24 నాటికి 10.2 శాతానికి దిగింది. అంతమందికీ నెలజీతం ఉద్యోగాలు దొరికాయని దీన్నిబట్టి అనుకోవడానికి లేదు, ఎందుకంటే అదే కాలంలో పనిచేసేవారు మొత్తంలో స్వయం ఉపాధి వాటా 52.2 శాతం నుంచి 58.4 శాతానికి పెరిగింది. ఏదో ఒక పనికి ఒదిగిపోవడం, చదివిన చదువుకు తగ్గ కొలువు దొరకడం అనే రెండూ నిరుద్యోగిత రేటులో ఒకేలా కనిపిస్తాయి.

2025 జనవరి నుంచి ఈ సర్వే ఫలితాలను నెలనెలా ఇచ్చేందుకు వీలుగా మార్చారు, నమూనాను పెంచారు, నమూనా ఎంపికకు జిల్లాను ఆధారంగా తీసుకున్నారు. వృత్తుల పేర్లకు 2015 నాటి జాతీయ వృత్తుల వర్గీకరణ ఉంది. 2015 జులైలో ప్రారంభమైన జాతీయ కెరీర్ సర్వీస్ పోర్టల్, పాత ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజీల పనిని అంతర్జాలంలోకి తెచ్చి, ఖాళీలనూ అభ్యర్థులనూ ఒకచోట చేర్చుతోంది. తెలంగాణలో డీట్ అనే డిజిటల్ ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజ్ కూడా ఉంది. లేనిదల్లా, ఒక్కొక్క వృత్తి రాబోయే పదేళ్ళలో ఎటు పోతుందో అమెరికా కరదీపికలా క్రమం తప్పకుండా చెప్పే అధికారిక అంచనా.

ఆ లోటును ప్రైవేటు వేదికలు కొంతవరకు పూరిస్తున్నాయి. నౌకరీ సంస్థ జాబ్‌స్పీక్ పేరుతో నెలనెలా సూచీని వెలువరిస్తుంది; లైట్‌కాస్ట్ వంటి అంతర్జాతీయ సంస్థలు కోట్లాది ఉద్యోగ ప్రకటనలను సేకరించి, వాటిలో కోరిన నైపుణ్యాలను విడదీసి అమ్ముతాయి. ఏ నైపుణ్యానికి కొత్తగా గిరాకీ పుడుతోందో సర్వేలకంటే ఇవి ముందుగా పసిగడతాయన్న మాట నిజమే. అయినా ప్రకటన వేరు, నియామకం వేరు. ఒకే ఖాళీ నాలుగు వెబ్‌సైట్లలో కనిపించవచ్చు. భర్తీ అయిపోయిన ఖాళీ నెలల తరబడి తొలగించకుండా ఉండిపోవచ్చు. కొన్ని ప్రకటనల వెనుక నియామకం ఉద్దేశమే ఉండకపోవచ్చు. తెల్లవారేసరికి హైదరాబాద్ అడ్డాల మీద నిలబడే తాపీమేస్త్రీలకు, పెయింటర్లకు, కూలీలకు ఎవరూ ప్రకటన ఇవ్వరు. అందువల్ల ఈ వేదికల్లో కనిపించే దేశం ఎక్కువగా నగరాలదీ, ఆంగ్లం వచ్చినవారిదీ.

సమాచారం సరైనదైనా, దాన్ని అందరూ ఒకేసారి ఒకేలా అర్థం చేసుకుంటే ఫలితం తలకిందులయ్యే ప్రమాదం ఉంది. గుంటూరు యార్డులో ఒక ఏడాది మిర్చి ధర పలికితే మరుసటి ఏడాది అందరూ మిర్చే వేసి, పంట చేతికొచ్చేసరికి ధర పడిపోవడం రైతులకు తెలిసిన అనుభవమే. ఆర్థికవేత్త రిచర్డ్ ఫ్రీమన్ 1976లో ప్రచురించిన వ్యాసంలో, అమెరికా ఇంజనీర్ల చదువులు, జీతాలు ఇదే తీరులో ఊగిసలాడుతున్నాయని చూపించారు. జీతాలు పెరిగిన ఏడు ఆ కోర్సులో చేరేవారు పెరగడం, వారందరూ ఒకేసారి చదువు ముగించుకుని రావడం, దానితో జీతాలు దిగి చేరికలు తగ్గడం, కొన్నాళ్ళకు మళ్ళీ కొరత ఏర్పడటం ఆ చక్రంలోని దశలు. రెండు తెలుగు రాష్ట్రాల్లో ఇంజనీరింగ్ సీట్లలో సగానికి మించి కంప్యూటర్ సైన్స్‌కూ దాని అనుబంధ శాఖలకూ చేరి, సివిల్, మెకానికల్ శాఖల్లో సీట్లు మిగిలిపోతున్న స్థితిలో ఈ హెచ్చరికకు విలువ ఎక్కువ. పట్టికలో ఉన్నది నేటి వేతనం. విద్యార్థి బజారులోకి అడుగుపెట్టేది నాలుగేళ్ళ తరువాత. కనుక గిరాకీ అంకె పక్కన, ఆ కోర్సులో ఇప్పుడు ఎందరు చేరుతున్నారన్న అంకెను కూడా పెట్టుకుని చూడాలి. చేరికల లెక్క ఏఐసీటీఈ దగ్గర, కౌన్సెలింగ్ నివేదికల్లో దొరుకుతుంది.

ఫ్లెక్సీ మీది ప్యాకేజీని కూడా ఇదే దృష్టితో చూడాలి. అచ్చయ్యేది గరిష్ఠం, అది వందలమందిలో ఒక్కరికి దక్కినది. జాతీయ ర్యాంకింగుల కోసం విద్యాసంస్థలు సమర్పించే పత్రాల్లో, కొలువు పొందినవారి మధ్యగత వేతనం ఎంతో ఉంటుంది, ఆ పత్రాలు బహిరంగంగానే దొరుకుతాయి. అది సంస్థలు తమ గురించి తామే చెప్పుకున్న అంకె, పైగా కొలువు రానివారు అందులో లేరు. అయినా గరిష్ఠం కంటే ఎన్నో రెట్లు మేలు.

వ్యక్తులకే కాదు, ప్రణాళికలు వేసేవారికీ ఈ లెక్కలు కావాలి. తెలంగాణ ప్రభుత్వం టాటా టెక్నాలజీస్‌తో కలిసి 65 ఐటీఐలను ఆధునిక శిక్షణ కేంద్రాలుగా మార్చేందుకు 2024లో పూనుకుంది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అదే ఏడాది మంగళగిరి ప్రాంతంలో ప్రయోగాత్మకంగా నైపుణ్య గణన చేపట్టింది. మొదటిదానికి ఏ జిల్లాలో ఏ ట్రేడుకు ఎంత గిరాకీ ఉందో తెలియాలి. రెండవది జనం చేతిలో ఏ పనితనం ఉందో చెబుతుంది కానీ యజమానులకు ఏది కావాలో చెప్పదు. రెంటినీ జతపరచేందుకు మూడో లెక్క ఒకటి ఉండాలి, అది శిక్షణ పొందినవారు ఏడాది తరువాత, మూడేళ్ళ తరువాత ఎక్కడ పనిచేస్తున్నారు, ఎంత సంపాదిస్తున్నారు అన్నది. అమెరికా విద్యాశాఖ కాలేజ్ స్కోర్‌కార్డ్ అనే వేదికలో కాలేజీలవారీగా, కోర్సులవారీగా పూర్వ విద్యార్థుల సంపాదనను ప్రకటిస్తోంది. దానికి ఆధారం కాలేజీలు చెప్పే మాట కాదు, ప్రభుత్వం దగ్గరున్న పన్ను రికార్డులు. మన దగ్గర భవిష్యనిధి ఖాతాల్లో సంఘటిత రంగానికి సంబంధించి ఇలాంటి లెక్కకు కావలసిన ముడిసరుకు చాలావరకు ఉంది. వ్యక్తుల వివరాలు బయటపడకుండా, కాలేజీల, ఐటీఐల వారీగా ఆ మధ్యగతాలను తెలుగులో, జిల్లాలవారీగా కౌన్సెలింగ్ మొదలయ్యే ముందే ప్రకటించే బాధ్యతను రెండు రాష్ట్రాల ఉన్నత, సాంకేతిక విద్యాశాఖలు కేంద్రంతో మాట్లాడి తలకెత్తుకోవాలి. తల్లిదండ్రులు కూడా కాలేజీకి వెళ్ళినప్పుడు గరిష్ఠ ప్యాకేజీ ఎంతని కాక, మధ్యగతం ఎంత, కొలువు రానివారు ఎందరు అని అడగాలి.