తేలుకుంచి కొంగలు సైబీరియా నుంచి రావు

బరంపురం నుంచి ఇచ్ఛాపురం వైపు చుట్టాల ఇళ్ళకి వెళ్ళొచ్చే మన పిల్లల్లో చాలామంది తేలుకుంచి పేరు వినే ఉంటారు. తొలకరి పడగానే ఆ ఊరి చింతచెట్ల మీద, వెదురు పొదల మీద కొంగలు గుంపులుగా వచ్చి వాలతాయి. గూళ్ళు కట్టుకుంటాయి, పిల్లల్ని పెంచుకుంటాయి, చలికాలం మొదలయ్యే వేళకి వెళ్ళిపోతాయి. ఏటా ఆ రోజుల్లో "సైబీరియా పక్షులు వచ్చేశాయి" అని ఊళ్ళో అంటారు, పేపర్లోనూ అలాగే రాస్తారు. వినడానికి బాగానే ఉంటుంది గాని, నిజం కాదు.

అక్కడికి వచ్చేది నత్తగుల్ల కొంగ. ఒడియాలో దీన్ని గెండాలియా అంటారు. ఒడియాలో గెండా అంటే నత్తే కదా! రెండు భాషలవాళ్ళూ దాని తిండిని చూసే పేరు పెట్టారన్నమాట. దీన్ని గుర్తుపట్టడం తేలిక: నోరు మూసుకున్నా ముక్కు పైభాగానికీ కింది భాగానికీ మధ్య చిన్న సందు కనిపిస్తుంది. కొంగపిల్లలకి ఆ సందు ఉండదు, పెద్దయ్యాకే వస్తుంది. ఆ సందులో నత్తని పెట్టి పోకచెక్కలాగా పగలగొడుతుందని చాలాకాలం అనుకున్నారు. దగ్గరగా గమనించినవాళ్ళకి కనిపించింది వేరు. నత్తని నేలకి అదిమిపట్టి, సన్నటి కింది ముక్కు మొనని గుల్లలోకి దూర్చి, కండని తెంచి బయటికి లాగేస్తుంది.

ఈ కొంగ ఉండేది మన దేశంలోనూ, శ్రీలంక, బంగ్లాదేశ్, బర్మా, థాయిలాండ్ లాంటి చుట్టుపక్కల దేశాల్లోనూ. సైబీరియా చలిలో దానికి పనే లేదు. అలాగని ఒకచోటే కూర్చునే పక్షి కూడా కాదు. భరత్‌పూర్‌లో కాలికి ఉంగరం తొడిగి వదిలిన కొంగ ఒకటి అక్కడికి 800 కిలోమీటర్లు తూర్పున దొరికింది. థాయిలాండ్‌లో ఉంగరం వేసినది 1500 కిలోమీటర్లు పడమరకి వచ్చి బంగ్లాదేశ్‌లో కనబడింది. నీళ్ళూ నత్తలూ ఎక్కడుంటే అక్కడికి తిరుగుతుంటాయి.

పిల్లలు గుర్తుపెట్టుకోవడానికి ఒక తేలిక ఆనవాలు ఉంది. చలి తప్పించుకోవడానికి ఉత్తరాది నుంచి వచ్చే పక్షులు ఇక్కడ తింటాయి, విశ్రాంతి తీసుకుంటాయి గాని గూడు కట్టవు. వాటి గూళ్ళూ గుడ్లూ అన్నీ అక్కడే, ఎండాకాలంలో. కాబట్టి మన చెట్టు మీద గూడు కట్టి పిల్లల్ని లేపిన పక్షి మన ప్రాంతపుదే. నౌపడా దగ్గర తేలినీలాపురానికి వచ్చే గూడబాతులూ, ఎర్రకాళ్ళ కొంగలూ కూడా ఈ లెక్కన మనవే. ఇలాంటి ఊళ్ళల్లో పెద్దవాళ్ళ నోట ఇంకో మాట వినిపిస్తుంది: ఈ పక్షులు పురిటికి పుట్టింటికొచ్చిన ఆడపిల్లల్లాంటివని. నన్నడిగితే, "విదేశీ అతిథులు" అనే పేపరు మాట కంటే ఆ మాటే సైన్సుకి దగ్గరగా ఉంది.

మరి నిజంగా దూరం నుంచి వచ్చేవాటిని చూడాలంటే? మన పక్కనే చిలికా ఉంది. రంభ దాకా వెళితే చాలు, దక్షిణం ఒడ్డు కనిపిస్తుంది. సూదితోక బాతులు సైబీరియా వైపు నుంచే వస్తాయి. తల మీద రెండు నల్లచారలుండే పెద్దబాతులు మంగోలియా, టిబెట్ సరస్సుల దగ్గర పిల్లల్ని పెంచి, హిమాలయాలు దాటి వస్తాయి. చిలికా 1981లోనే రామ్‌సర్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడినేలగా గుర్తింపు పొందింది. సరస్సు మధ్యలో ఉన్న నలబణ 1987 నుంచి పక్షుల అభయారణ్యం. వానల్లో ఆ దీవి మునిగిపోతుంది, నీళ్ళు తగ్గాక మళ్ళీ తేలుతుంది. ఏటా జనవరిలో చిలికా అంతా పక్షుల్ని లెక్కపెడతారు. 2024 లెక్కలో 11 లక్షలు దాటాయి.

ఉత్తరం ఒడ్డున, తంగి దగ్గర ఉన్న మంగళాజోడి కథ పిల్లలకి తప్పకుండా చెప్పండి. ఒకప్పుడు అక్కడ పక్షుల్ని వేటాడి అమ్మడం చాలామందికి జీవనాధారం. 2000 ప్రాంతంలో ఊరివాళ్ళే పక్షుల రక్షణకి సమితి పెట్టుకున్నారు. ఏ పక్షి ఎక్కడ దాక్కుంటుందో వేటగాళ్ళకి తెలిసినంతగా ఎవరికి తెలుస్తుంది? వాళ్ళలో కొందరు ఇప్పుడు పడవలు నడుపుతూ, వచ్చినవాళ్ళకి అదే చూపిస్తున్నారు.

ఇంతకీ సైబీరియా అంటే ఏమిటి, కాదంటే ఏమిటి అని అడగొచ్చు. తేడా ఉంది. కొంగ విదేశంది అనుకుంటే, నాలుగు నెలలు చూసి ముచ్చటపడితే మన పని అయిపోయినట్టే. మనదే అయితే మిగతా ఎనిమిది నెలలూ అది తినేది కూడా మన వైపు పొలాల్లో, చెరువుల్లో, గెడ్డల్లోనే. మడిలో మందు కొట్టి నత్తలు పోతే కొంగ తిండి పోయినట్టే. చెరువు పూడ్చి ప్లాట్లు వేసినా అంతే. చెట్ల సంగతీ ఉంది. 2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకి ఉద్దానం కొబ్బరి తోటలు ఎలా నేలకూలాయో పెద్దలందరికీ గుర్తే. కొంగలకి కావలసినంత చింతచెట్టు మళ్ళీ లేవాలంటే ఒక తరం పడుతుంది. అందుకే నిలిచి ఉన్న పాత చెట్టు విలువ ఎక్కువ. గూళ్ళున్న చెట్ల కింద వాసన, రెట్టలు, తెల్లవార్లూ గోల, ఇవన్నీ భరిస్తున్నది ఆ ఊరివాళ్ళు. ఫొటోల కోసం వెళ్ళే మనం కనీసం చెట్ల కింద టపాకాయలు కాల్చకుండా, అరవకుండా ఉందాం.

పక్షుల్ని చూడ్డానికి పెద్ద సరంజామా అక్కర్లేదు. ఒక నోటుబుక్కు చాలు. తేదీ, చోటు, మొదలుపెట్టిన టైము, ఎంతసేపు చూశారో, ఏ పక్షి ఎన్ని కనబడ్డాయో రాయాలి. పదిహేను నిమిషాలు నిలబడితే చాలు. కాకులు, గోరింకలు కూడా రాయాలి. "కాకులే కదా" అని వదిలేస్తే పదేళ్ళ తర్వాత అవి తగ్గాయో పెరిగాయో చెప్పేవాళ్ళుండరు. అమ్మ లేక నాన్న ఫోనులో ఈబర్డ్ యాప్ పెట్టుకుంటే ఆ లెక్క దేశం మొత్తం లెక్కలో చేరుతుంది. పేరు తెలియనప్పుడు మెర్లిన్ యాప్ ఫొటో చూసిగాని, కూత వినిగాని చెబుతుంది. రెండూ ఉచితమే. మెర్లిన్ అప్పుడప్పుడు పొరపడుతుంది, కంటితో చూశాకే రాయండి. గూడు దగ్గర మాత్రం రికార్డు చేసిన కూతలు వినిపించొద్దు. తల్లిపక్షి బెదిరిపోతుంది.

తల్లిదండ్రులకి రెండు మాటలు. రామచిలుకని పంజరంలో పెంచడం 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టం ప్రకారం నేరం. పిల్లలు ఎంత మారాం చేసినా కొనకండి. ఒకటి కొంటే పట్టేవాడు ఇంకొకటి పడతాడు. దసరాకి పాలపిట్టని చూడటం మంచిదని మనలో కొన్ని ఇళ్ళల్లో నమ్మకం. ఒడిశా రాష్ట్ర పక్షి నీలకంఠ కూడా అదే పిట్ట. పంజరంలో పెట్టి తెచ్చి చూపించేవాళ్ళకి డబ్బులివ్వకుండా, ఊరి బయట కరెంటు తీగ మీద కూర్చున్నదాన్ని చూపించండి.

గాలివానకి పక్షిపిల్ల కిందపడితే, దానికి ఈకలు వచ్చేసి ఉంటే పక్కనున్న పొదలో పెట్టి దూరంగా జరగండి. తల్లి దగ్గర్లోనే ఉంటుంది. దెబ్బ తగిలి ఉంటే గాలి కన్నాలున్న అట్టపెట్టెలో చీకటిగా ఉంచి అటవీశాఖవాళ్ళకి కబురు చేయండి. నోట్లో నీళ్ళు పోయకండి, ఊపిరాడక చనిపోతుంది.

ఏటా ఫిబ్రవరి మధ్యలో నాలుగు రోజులు ప్రపంచమంతా పక్షుల లెక్క జరుగుతుంది. మన దేశం అందులో 2013 నుంచి ఉంది. బడులూ కాలేజీలూ తమ ఆవరణలోనే లెక్కపెట్టి పంపవచ్చు. మన బడి వెనక వేపచెట్లూ, నీళ్ళ ట్యాంకూ, ప్రహరీ పక్క గుంటా కలిపితే ఒక జట్టుకి సరిపడా పని ఉంటుంది. ఆరో తరగతి నుంచి ఎవరైనా చేరవచ్చు. పక్షి పేరు తెలుగులో ఒకటి, ఒడియాలో ఒకటి పక్కపక్కనే రాసుకు రండి. ఇంట్లో తాతయ్యనీ అమ్మమ్మనీ అడిగితే పుస్తకాల్లో లేని పేర్లు కూడా దొరుకుతాయి.