బార్కస్ చావుష్‌లు, ఏ.సి.గార్డ్స్ సిద్దీలు

చావుష్‌లు మరియు సిద్దీలు హైదరాబాదులో స్థిరపడిన విదేశీ మూలాలు గల రెండు ముస్లిం సమాజాలు. చావుష్‌ల పూర్వీకులు యెమెన్‌లోని హద్రమౌత్ ప్రాంతపు అరబ్బులు. సిద్దీల పూర్వీకులు తూర్పు ఆఫ్రికా వారు. ఇరువురూ నిజాం కొలువులో సైనికులే. నివాసాల పేర్లూ ఆ కొలువువే: బ్యారక్స్ అన్న ఆంగ్లపదం బార్కస్ అయింది, ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ అన్న ఆశ్వికదళం పేరు మాసాబ్ ట్యాంక్ సమీపంలోని ఏ.సి.గార్డ్స్‌కు మిగిలింది.

1948 సెప్టెంబరులో జరిగిన పోలీసు చర్య తరువాత ఈ దళాలు రద్దు కావడంతో ఇరువురూ జీవనాధారం కోల్పోయారు. అరబ్బుల పరిస్థితి మరింత కష్టమైనది; వారిలో కొందరిని నిర్బంధించి దేశం నుండి పంపివేసారు. అయితే 1970ల నుండి గల్ఫు దేశాలలో చమురు సంపద పెరిగినపుడు అక్కడి బంధుత్వాలు చావుష్‌లకు ఉపాధి మార్గమయ్యాయి. ఆ సొమ్ముతో బార్కస్‌లో ఇళ్ళు, దుకాణాలు వెలిసాయి. సిద్దీలకు ఆఫ్రికాతో అటువంటి సంబంధాలు మిగలలేదు. చిన్న ఉద్యోగాలు, పెళ్ళి ఊరేగింపులలో మర్ఫా వాయిద్యం అనేక కుటుంబాలకు ఆధారమయ్యాయి. (మర్ఫాకు నిజానికి ఇరువర్గాలూ వారసులే.)

2007లో ఆంధ్రప్రదేశ్ చేసిన రిజర్వేషన్ల చట్టం బి.సి.-ఇ జాబితాలో సిద్దీలను చేర్చి, అరబ్బులను మినహాయించింది. గల్ఫుకు వెళ్ళలేకపోయిన పేద చావుష్ కుటుంబానికి కూడా ఈ మినహాయింపే వర్తిస్తుంది.