వాన వెలిశాక

తొలకరి పడిన మర్నాడు రైతు పొలానికి వెళ్లి ముందుగా చూసేది పదును. గడ్డపారతో నాలుగు చోట్ల పొడిచి, తడి ఎంత లోతుకు దిగిందో చూసుకుని, విత్తనం వేయాలా, ఇంకో వాన కోసం ఆగాలా అన్నది తేల్చుకుంటాడు. ఎన్ని మిల్లీమీటర్లు కురిసిందన్న లెక్క వాతావరణ శాఖది. నేల ఎంత తాగింది, ఆ తడి ఎన్నాళ్లు నిలుస్తుంది అన్న లెక్క అతనిది. స్వయంచాలక నీటిపారుదల యంత్రాలు చాలాకాలం ఈ రెండు లెక్కలూ లేకుండానే పనిచేశాయి.

పచ్చికకూ తోటలకూ నీరిచ్చే కంట్రోలర్ నిజానికి ఒక గడియారం. వారంలో ఏయే రోజులు, ఏ వేళకు, ఎన్ని నిమిషాలు అని దానికి చెబితే చాలు. ఆ వేళకు 24 వోల్టుల విద్యుత్తు సోలినాయిడ్ వాల్వుకు చేరుతుంది, వాల్వు తెరుచుకుంటుంది, స్ప్రింక్లర్లు చిమ్ముతాయి. రాత్రంతా కుండపోతగా కురిసినా తెల్లవారుజామున చిమ్మడం మానవు. చదరపు మీటరుపై ఒక మిల్లీమీటరు నీరంటే ఒక లీటరు కనుక, 200 చదరపు మీటర్ల పచ్చికకు 12 మి.మీ. తడి ఇస్తే 2,400 లీటర్లు ఖర్చు. అప్పటికే నానిన నేల మీద అదంతా దండుగ.

దండుగతో పోతే బాగానే ఉండును. మట్టి రేణువుల మధ్య ఖాళీల్లో గాలి ఉంటేనే వేర్లు శ్వాసిస్తాయి. ఆ ఖాళీలు నీటితో నిండితే ఆక్సిజన్ వేరును చేరడం దాదాపు పదివేల రెట్లు నెమ్మదిస్తుంది. పిథియం, ఫైటోఫ్తోరా వంటి వేరుకుళ్లు తెగుళ్లకు కావలసింది అలాంటి నేలే. పైగా వేసిన నత్రజని ఎరువు నైట్రేటుగా మారి, మిగులు నీటితో కలిసి వేర్ల కిందికి జారి భూగర్భ జలంలో చేరుతుంది.

ఈ సమస్య నడిబజారులో కనిపించిన చోటు అమెరికాలోని ఫ్లోరిడా. అక్కడ ఏటా సగటున 1,300 మి.మీ.కు పైగా వాన పడుతుంది. హైదరాబాద్ వానకు అది ఒకటిన్నర రెట్ల కన్నా ఎక్కువ. అయినా ఇంటింటా స్ప్రింక్లర్లు ఉంటాయి, ఎందుకంటే నేల ఇసుక. వాన వెలిసిన నాలుగైదు రోజులకే పచ్చిక వాడుముఖం పడుతుంది. అంత వానా, అంత తడుపూ ఒకేచోట కలిసిన ఆ రాష్ట్రం, కొత్తగా అమర్చే ప్రతి స్వయంచాలక పచ్చిక తడుపు వ్యవస్థకూ వాన సెన్సర్ ఉండాలని 1991లో చట్టం తెచ్చింది.

ఆ సెన్సర్‌ను విప్పి చూస్తే లోపల ఎలక్ట్రానిక్ విద్యలేవీ కనబడవు. ఎక్కువగా వాడే రకంలో ఉండేవి, నీరు పీల్చి ఉబ్బే కొన్ని బిళ్ళలు, వాటి మీద ఒక చిన్న స్విచ్చి, అంతే. వానకు తడిసి బిళ్ళలు ఉబ్బుతాయి, స్విచ్చిని నొక్కుతాయి, వాల్వులకు పోయే ఉమ్మడి తీగలో కరెంటు తెగుతుంది. కంట్రోలర్‌కు ఈ సంగతే తెలియదు. అది తన వేళకు తాను ఆదేశం ఇస్తూనే ఉంటుంది, వాల్వు మాత్రం కదలదు. ఎంత వానకు తెగాలో 3 నుంచి 25 మి.మీ. దాకా మూత తిప్పి పెట్టుకోవచ్చు.

వాన పడుతోందని పసిగట్టడం దీని గొప్ప కాదు. ఆ పని కిటికీలోంచి చూసే పిల్లవాడైనా చేస్తాడు. నా దృష్టిలో ఈ పరికరంలోని అసలు తెలివి వాన వెలిశాక మొదలవుతుంది. తడిసిన బిళ్ళలు వెంటనే ఆరవు. ఎండ, గాలి, గాలిలోని చెమ్మ ఎంతో దాన్నిబట్టి మెల్లగా ఆరుతాయి. నేల పైపొర ఆరేదీ వాటిని బట్టే. అంటే ఆ బిళ్ళలు పొలానికి ఒక చిన్న నమూనా. అవి ఆరి కుంచించుకున్నప్పుడే స్విచ్చి తిరిగి కలుస్తుంది, తడుపు మళ్లీ మొదలవుతుంది. కొన్ని రకాల్లో ఆ ఆరుదలను తగ్గించడానికో పెంచడానికో గాలి రంధ్రాలను మూసి తెరిచే కట్టు కూడా ఉంటుంది. చెట్టు నీడలోనో, స్ప్రింక్లర్ జల్లు తగిలే చోటో సెన్సర్‌ను బిగిస్తే ఈ నమూనా చెడిపోతుంది: ఒకచోట వాన అందదు, ఇంకోచోట లేని వాన కురుస్తుంది.

నమూనా నమూనాయే. ఫ్లోరిడా విశ్వవిద్యాలయం శాస్త్రజ్ఞులు గేన్స్‌విల్‌లో 2004, 2005 సంవత్సరాల్లో, వానలు బాగా పడిన నెలల్లో, బెర్ముడా గడ్డి మళ్లపై పోల్చి చూశారు. గడియారం ఒక్కటే ఉన్న మళ్లకన్నా వాన సెన్సర్ ఉన్న మళ్లలో నీటి వాడకం 34 శాతం తగ్గింది. వేర్ల దగ్గరే తడిని కొలిచే నేల తేమ సెన్సర్లతో సగటున 72 శాతం తగ్గింది. ఒకటి నింగిని చూస్తే రెండోది పదును చూస్తుంది, తేడా అక్కడే. అయితే మొదటిదాని ధర తక్కువ, బిగింపు సులువు, అందుకే చట్టానికి ఎక్కింది.

దాని లోపం మరోచోట ఉంది. ఏళ్లు గడిచి బిళ్ళలు అరిగితే స్విచ్చి ఎప్పటికీ తెగదు. వ్యవస్థ పాత గడియారమే అవుతుంది. గడ్డి పచ్చగా ఉంటుంది కనుక ఎవరికీ అనుమానం రాదు. ఏడాదికోసారి చేత్తో నొక్కో, చెంబుడు నీళ్లు పోసో పరీక్షించడం తప్ప వేరే దారి లేదు.

మనకు ఈ కథ కొత్తేమీ కాదు. వ్యవసాయ కరెంటు అర్ధరాత్రి వచ్చిపోయే రోజుల్లో చీకట్లో, పాముల మధ్య మోటారు దగ్గరికి వెళ్లలేక రైతులు ఆటో స్టార్టర్లు పెట్టుకున్నారు. కరెంటు రాగానే మోటారు ఆడుతుంది, వానలో కూడా. 2018 జనవరి 1 నుంచి 24 గంటల ఉచిత విద్యుత్తు ఇవ్వబోతూ తెలంగాణ ప్రభుత్వం వాటిని తీసేయమని రైతులను కోరింది, బోర్లు ఎండిపోతాయన్న భయంతో. ఆటో స్టార్టర్ కూడా గుడ్డిదే. కంట్రోలర్‌కు వేళ తెలుసు, దీనికి అదీ తెలియదు.

మడిలో నీరు నిలిపే వరికి వాన సెన్సర్‌తో పని లేదు. మిరపకు, కూరగాయలకు, బత్తాయి తోటకు ఉంది. కానీ ఫ్లోరిడా లెక్క ఇక్కడ చెల్లదు. ఇసుక నేల మీటరు లోతులో మొక్కకు అందేలా పట్టుకునేది సాధారణంగా 100 మి.మీ. లోపే, నల్లరేగడి అందుకు రెట్టింపు దాకా పట్టుకుంటుంది. బిళ్ళలు మూడు రోజుల్లో ఆరినా రేగడిలో పదును ఇంకా పోదు, కనుక అక్కడ నేల తేమ సెన్సరే నయం. ఎర్ర చల్కాలకూ దుబ్బ నేలలకూ బిళ్ళల సెన్సర్ సరిపోవచ్చు. దాని స్విచ్చి తక్కువ వోల్టేజీది, మూడు ఫేజుల స్టార్టర్ కాయిల్‌కు నేరుగా కలపకూడదు. మధ్యలో రిలే ఉండాలి, ఆ పని ఎలక్ట్రీషియన్ చేయాలి. స్టార్టర్ పెట్టె మామూలుగా వేపచెట్టు కిందే ఉంటుంది. సెన్సర్‌ను మాత్రం అక్కడినుంచి తీగ లాగి, ఎండా వానా నేరుగా తగిలే చోట కర్ర పాతి బిగించాలి.