పెరటి ఆకులకు ఏ సంచి మంచిది?



సంక్రాంతి వెళ్లి చలి తగ్గేసరికి మన ప్రాంతంలో ఆకు రాలడం మొదలవుతుంది. పాల్వంచ, బూర్గంపాడు, దుమ్ముగూడెం, చర్ల వైపు ఏ ఊరికి వెళ్లినా వాకిళ్ల నిండా వేప, కానుగ, బాదం, టేకు ఆకులే. మళ్లీ వానలు పడితే గరిక, పిచ్చిమొక్కలు మోకాలెత్తు పెరుగుతాయి. ఊడ్చిన చెత్తను కొందరు గోడ పక్కన పోగుచేసి అగ్గిపుల్ల గీస్తారు. మరికొందరు దొరికిన బస్తాలో కుక్కి ఇంటి వెనుక నెలల తరబడి ఉంచుతారు. ఈ రెండు అలవాట్ల వల్లా జబ్బులు వస్తాయి. చెత్తను ఏ సంచిలో వేయాలి, ఆ సంచిని ఎలా వాడాలి అన్నది చిన్న విషయంగా కనిపించినా ఇంటిల్లిపాది ఆరోగ్యానికి సంబంధించినది. అందుకే ఈ సంచికలో దాన్ని గురించి వివరిస్తున్నాము.

కాల్చడం ఎందుకు వద్దు?

పచ్చి, ఎండు ఆకులు కలిసి కాలినప్పుడు మంట తక్కువ, పొగ ఎక్కువ. ఆ పొగలోని సన్నటి నుసి ఊపిరితిత్తుల లోపలి దాకా వెళుతుంది. ఆయాసం, ఉబ్బసం ఉన్నవారికి, క్షయవ్యాధికి మందులు వాడుతున్నవారికి, గర్భిణులకు, పసిపిల్లలకు ఇది మరీ చెరుపు. చలికాలం ఉదయాన పొగ పైకి పోక ఇళ్ల మధ్యనే నిలిచిపోతుంది. ఆకులతోపాటు ప్లాస్టిక్ కవర్లు కాలితే విషవాయువులు కూడా తోడవుతాయి. గన్నేరు కొమ్మల పొగ కూడా విషమే.

అడవి అంచున ఉన్నవారికి ఇంకొక ప్రమాదం ఉంది. వేసవి గాలికి ఒక్క నిప్పురవ్వ ఎగిరితే గడ్డివాము గాని, పక్కనున్న అడవి గాని అంటుకోవచ్చు. తోట చెత్తను ఆరుబయట తగలబెట్టకూడదని 2016లో వచ్చిన ఘనవ్యర్థాల నిబంధనల్లోనే కేంద్ర ప్రభుత్వం చెప్పింది.

ఏ సంచి దేనికి?

1. గోనె సంచి: ఇది జనపనారతో నేసినది, గాలి ఆడుతుంది. ఆకులు ఉడికి కంపు కొట్టవు. చివరికి సంచి కూడా ఎరువులో కలిసిపోతుంది. ధాన్యం నింపే పాత గోనెలు చాలా ఇళ్లలో ఉంటాయి. చిరుగు ఉంటే దబ్బనం, పురికొసతో కుట్టుకుంటే చాలు. ఎండుటాకులకు, ఎరువుకు ఇదే అన్నిటికంటే మేలు. అయితే తడి నేల మీద పెడితే అడుగు త్వరగా చివికిపోతుంది గనుక రెండు ఇటుకల మీద ఉంచాలి.

2. యూరియా, సిమెంటు బస్తాలు: ఇవి గట్టివి, ముళ్ల కొమ్మలకు, బరువుకు ఆగుతాయి. కాని ఎండకు కొన్ని నెలల్లోనే పొరలు పొరలుగా పోగులు ఊడుతాయి. ఆ పోగులు మట్టిలో కలవవు, పశువులు తింటే కడుపులో చుట్టుకుంటాయి. వాడేముందు బాగా దులిపి, కడిగి ఆరబెట్టాలి. సిమెంటు దుమ్ము కళ్లలో, చేతుల మీద పడితే పుండ్లు పడతాయి. నీడలో ఉంచి, చెత్త మోయడానికి మాత్రమే వాడి, ఖాళీ చేసి మళ్లీ వాడుకోవాలి. ఈ బస్తాల్లో బియ్యం, పప్పులు పోయవద్దు.

3. నల్ల ప్లాస్టిక్ కవర్లు: వీటిలో గాలి ఆడదు. పచ్చగడ్డి వేస్తే రెండు రోజుల్లో వేడెక్కి, కుళ్లి, ఈగలు ముసురుతాయి. పైగా చిన్న పుల్ల గుచ్చుకున్నా చిరిగిపోతాయి. తోట చెత్తకు ఇవి పనికిరావు.

4. పురుగు మందుల సంచులు, డబ్బాలు: మన వైపు పత్తి, మిర్చి చేలు ఎక్కువ. ఆ మందులు వచ్చిన సంచులు, మందు పట్టించిన విత్తనాల సంచులు ఎంత కడిగినా ఇంటి పనికి తేవద్దు. కడిగిన నీళ్లు కూడా విషమే. పిల్లలు వాటితో ఆడుకుంటే ప్రాణానికే ముప్పు.

5. ఆసుపత్రి కవర్లు: వార్డుల్లో కనిపించే పసుపు, ఎరుపు రంగు కవర్లు రోగుల నుండి వచ్చే వ్యర్థాల కోసం ఉన్నవి. గట్టిగా ఉన్నాయని ఎవరూ అడిగి తీసుకొని వెళ్లవద్దు. అలాగే ఇంట్లో ఇన్సులిన్ వాడేవారు సూదులను ఆకుల సంచిలో పడేయరాదు. గట్టి మూత ఉన్న డబ్బాలో వేసి ఆసుపత్రికి వచ్చినప్పుడు అప్పగించండి. సంచి ఎత్తే పారిశుద్ధ్య కార్మికుని చేతికి ఆ సూది గుచ్చుకుంటే కామెర్లు, హెచ్.ఐ.వి. వంటివి సోకే అవకాశం ఉంది.

నింపే పద్ధతి

తునికాకు కోసే కుటుంబాలకు ఒక సంగతి బాగా తెలుసు. యాభై ఆకులు ఒక కట్ట, వెయ్యి కట్టలు ఒక ప్రామాణిక బస్తా. కళ్లంలో ఎండిన కట్టలను గోనెలో నింపే ముందు కొంచెం నీళ్లు చిలకరిస్తారు. అలా చేస్తే ఆకు మెత్తబడి విరగకుండా ఉంటుంది. పెరటి ఆకులకు కూడా అదే చేయండి. ఊడ్చే ముందు కాస్త నీళ్లు చిలకరిస్తే దుమ్ము లేవదు, సంచిలో ఆకు ఎక్కువ పడుతుంది. ఆయాసం ఉన్నవారు ముక్కుకు, నోటికి గుడ్డ కట్టుకోవాలి.

సంచిని ముప్పాతిక వరకే నింపండి. తడి గడ్డి చూడటానికి కొంచెమే అనిపించినా చాలా బరువు. వంగి నడుముతో కాక, మోకాళ్లు వంచి, సంచిని ఒంటికి దగ్గరగా పట్టుకొని లేవాలి. గర్భిణులు, ఆపరేషను అయినవారు, గిలక ఉన్నవారు మోయకూడదు. కాళ్లకు చెప్పులు తప్పనిసరి. ఒట్టి కాళ్లతో తడి మట్టిలో తిరిగితే కొంకి పురుగులు చర్మం గుండా ప్రవేశించి రక్తహీనత కలిగిస్తాయి. జిల్లేడు పాలు కంట్లో పడితే చూపుకే ప్రమాదం, వెంటనే మంచి నీటితో బాగా కడిగి ఆసుపత్రికి రండి. వయ్యారిభామ మొక్కను పూత రాకముందే, చేతులకు తొడుగు వేసుకొని పీకాలి. దానివల్ల దురద, ఉబ్బసం వస్తాయి.

పాములు, పురుగులు, దోమలు

ఇది అన్నిటికంటే ముఖ్యమైన భాగం. రక్తపింజరి రంగు ఎండుటాకుల రంగులో కలిసిపోతుంది. చెత్త సంచుల కింద ఎలుకలు చేరితే, వాటికోసం నాగుపాము, కట్లపాము వస్తాయి. 2000 నుండి 2019 వరకు మన దేశంలో పాముకాటు వల్ల సుమారు 12 లక్షల మంది మరణించి ఉంటారని పరిశోధకులు లెక్కకట్టారు. అంటే ఏడాదికి దాదాపు 58 వేల మంది. మరణాలు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో తెలంగాణతో కలిసి ఉన్న ఆంధ్రప్రదేశ్ కూడా ఒకటి. ఈ మరణాలను 2030 నాటికి సగానికి తగ్గించాలని కేంద్రం 2024లో ఒక కార్యాచరణ ప్రణాళిక ప్రకటించింది.

కాబట్టి ఆకుల కుప్పలో నేరుగా చేయి పెట్టవద్దు. ముందు పొడవాటి కర్రతో కదిలించి, తట్టతో ఎత్తండి. ఖాళీ సంచులను నేల మీద పడేయక, తాడు మీద వేలాడదీసి, వాడే ముందు కర్రతో దులపండి. నిండిన సంచులను ఇంటి గోడకు, మంచాలకు దూరంగా ఉంచండి. చీకట్లో ఈ పని పెట్టుకోవద్దు.

పాము కరిస్తే తాడు బిగించవద్దు, కోయవద్దు, నోటితో పీల్చవద్దు. ఉంగరాలు, గాజులు, మెట్టెలు తీసేయండి. కరిచిన కాలు గాని చేయి గాని కదలకుండా ఉంచి 108కి ఫోను చేసి, విషానికి విరుగుడు ఇంజక్షను ఉన్న ఆసుపత్రికి తీసుకురండి. కట్లపాము కాటుకు నొప్పి, వాపు అంతగా ఉండకపోవచ్చు. రాత్రి నేల మీద పడుకున్నవారికి తెల్లవారుజామున కడుపునొప్పి వచ్చి, కనురెప్పలు వాలిపోతే ఆలస్యం చేయవద్దు. మంత్రం కోసం, పసరు కోసం పోయే గంటలోనే ప్రాణం పోవచ్చు. ప్రార్థన చేస్తూనే బండి ఎక్కించండి.

పొదలు, గడ్డి దగ్గర ఉండే కంటికి కనిపించని నల్లి లాంటి పురుగుల వల్ల స్క్రబ్ టైఫస్ అనే జ్వరం వస్తుంది. గడ్డి కోసిన వారం పది రోజుల తరువాత జ్వరం, తలనొప్పి వచ్చి, ఒంటి మీద చుట్టతో కాల్చినట్టు నల్లని మచ్చ కనిపిస్తే డాక్టరుకు తప్పక చూపించండి. డాక్సీసైక్లిన్ అనే చవకైన మందుతోనే నయమవుతుంది. ఆలస్యమైతే ప్రాణాపాయం.

ప్లాస్టిక్ బస్తాల మడతల్లో నిలిచిన గుక్కెడు నీరు చాలు, డెంగీ దోమ గుడ్లు పెట్టడానికి. వారం పది రోజుల్లో అవి దోమలవుతాయి. శుక్రవారం డ్రై డే పాటించమని ఆరోగ్య కార్యకర్తలు చెప్పేది ఇందుకే. ఆ రోజు సంచులను కూడా బోర్లించి చూడండి.

వరద వచ్చిన ఏడు మరింత జాగ్రత్త కావాలి. 2022 జూలైలో భద్రాచలం వద్ద గోదావరి 71.3 అడుగులకు చేరింది. అలాంటి వరద తీసిన తరువాత పెరట్లో మిగిలే బురద చెత్తలో ఎలుకల మూత్రం, మురుగు కలిసి ఉంటాయి. కాళ్లకు పుండ్లు ఉన్నవారు, ముఖ్యంగా మధుమేహం ఉన్నవారు దాన్ని ముట్టుకోరాదు. ఎత్తేవారు బూట్లు, తొడుగులు వేసుకోవాలి.

సంచిలోనే ఎరువు

గోనె సంచిలో మూడు వంతుల ఎండుటాకు, ఒక వంతు పచ్చగడ్డి లేదా పేడ పొరలుగా వేసి, నీళ్లు చిలకరించి, నీడలో ఇటుకల మీద పెట్టండి. గుప్పిట్లో పిండితే చెమ్మ తగలాలి గాని నీరు కారకూడదు. పదిహేను రోజులకొకసారి కలియబెట్టండి. వేప, కానుగ ఆకులు కొన్ని నెలల్లో నల్లని ఎరువవుతాయి. టేకు, బాదం ఆకులు ముక్కలు చేసి వేస్తే మంచిది, వాటికి ఎక్కువ కాలం పడుతుంది. విత్తులున్న కలుపు, వండిన అన్నం, మాంసం వేయవద్దు. పేడ ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కోవాలి, గాయాలుంటే ధనుర్వాతం టీకా వేయించుకోవాలి. ఆ ఎరువుతో పెరట్లో తోటకూర, మునగ, బొప్పాయి వేసుకుంటే రక్తహీనత ఉన్న తల్లులకు, పిల్లలకు మేలు.

ఎరువు చేసుకునే చోటు లేనివారు ఆకులను తడి చెత్తగా వేరుచేసి పంచాయతీ ట్రాక్టరుకు ఇవ్వండి. సీసా ముక్కలు, మేకులు అందులో కలపవద్దు.

దేవుడు మొదటి మనుష్యునికి అప్పగించిన పని తోటను చూసుకోవడమే. మన వాకిలి కూడా ఆయన అప్పగించినదే. ఈ వారం ఇంటి వెనుక ఉన్న పాత సంచులను ఒకసారి పగటి వెలుగులో, చేతిలో కర్రతో చూడండి. పొరుగువారికి కూడా ఈ సంగతులు చదివి వినిపించండి.