తీర్మానాల పుస్తకం ఎవరి అరుగు మీద?

గ్రామ పంచాయతీ కార్యదర్శి అనగానే మనలో చాలామందికి అదేదో చిన్న ఉద్యోగం, గుమాస్తా పని అనే తోస్తుంది. మన సంఘాలు కలెక్టరాఫీసు ముందు ధర్నాలు చేశాయి, హైదరాబాదు దాకా పాదయాత్రలు చేశాయి. పంచాయతీ ఆఫీసు బీరువాలో ఏ రిజిస్టర్లున్నాయో అడిగిన సందర్భాలు మాత్రం తక్కువ. ఊరికీ వాడకీ మధ్య రోజువారీ లెక్క తేలేది ఆ బీరువా దగ్గరే అని మేము అంటున్నాం.

ఈ కుర్చీకి ఓ చరిత్ర ఉంది. కోస్తాలో, సీమలో కరణం, మునసబు. తెలంగాణలో పటేల్, పట్వారీ. ఇవన్నీ తండ్రి నుంచి కొడుక్కి దిగిన పదవులు. భూమి ఎవరిదో, శిస్తు ఎంతో వాళ్లు రాసిందే లెక్క. వాళ్ల కింద వెట్టి చేసింది, కబురు మోసింది, దండోరా వేసింది మాలమాదిగలు. 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం ఆ వారసత్వ పదవుల్ని రద్దు చేసింది. పదవులైతే పోయాయి, అరుగులు పోలేదు. 1948 నవంబరులో రాజ్యాంగ సభలో అంబేద్కర్ ఊరిని అంత కటువుగా విమర్శించింది ఊరికే కాదు. 1993లో అమల్లోకొచ్చిన 73వ సవరణ ఆ ఊరికే అధికారం ఇచ్చింది. దాంతోపాటు ఎస్సీ, ఎస్టీలకూ మహిళలకూ సర్పంచ్ పదవుల్లో రిజర్వేషనూ ఇచ్చింది. ఈ రెండిటి నడుమ నిలబడేవాడు కార్యదర్శి.

నీళ్ల సంగతే తీసుకోండి. ట్యాంకు ఊళ్లో ఉంటుంది, పైపులైను చివర వాడ ఉంటుంది. పైనున్న ఇళ్లు మోటార్లు బిగించి లాగేస్తే చివరి కొళాయికి చుక్క రాదు. వాడకు విడిగా వాల్వు పెట్టించి, వేరే టైము కేటాయించి, అక్రమ మోటార్లు తీయించాలంటే ఎంత పెత్తందారు ఇంటి ముందైనా నిలబడాలి. మురుగు కాలవ దీనికి తిరగేసిన కథ: ఊరి మురుగంతా పారొచ్చి తేలేది వాడ దగ్గరే. కాలవ పూడిక ఏ చివర నుంచి తీయడం మొదలెట్టాలి అన్నది చూడ్డానికి ఇంజనీరింగు ప్రశ్న, నిజానికి కులం ప్రశ్న.

ఇంకోటి ఇంటి నంబరు. పోరంబోకులో గుడిసె వేసుకున్న కుటుంబానికి డిమాండు రిజిస్టరులో నంబరు పడితే ఇంటిపన్ను రసీదు వస్తుంది. ఆ రసీదు పట్టా కాదు, నిజమే. కానీ కరెంటు మీటరుకు, ఫలానా చోట మేముంటున్నామని చూపడానికి చాలామంది చేతిలో ఉండే మొదటి కాగితం అదే. “పైనుంచి ఆర్డరు రావాలమ్మా” అని తిప్పి పంపడం తేలిక. వెళ్లి ఇల్లు చూసి, రూలు చదివి, రాయగలిగింది రాయడం కష్టం.

సమావేశానికి నోటీసు పంపడం, అజెండా తయారుచేయడం, తీర్మానాలు పుస్తకంలోకి ఎక్కించడం కార్యదర్శి పనే. సర్పంచ్ దళిత స్త్రీ అయిన చోట ఆ పుస్తకం మాజీ సర్పంచ్ అరుగు మీదికి వెళ్లి, అక్కడ రాయించుకుని, సంతకానికి మాత్రం ఆమె ఇంటికి రావడం కొత్తేం కాదు. పుస్తకం ఆఫీసు దాటనని కార్యదర్శి పట్టుబడితే సగం పెత్తనం అక్కడ ఆగిపోతుంది. గ్రామసభ దండోరా వాడలో వేయకపోతే సభ జరిగినట్టా? (దండోరా మనవాళ్లు వేసిందే, మనకే వినపడదు! 1994లో ఈదుమూడిలో మాదిగలు ఆ మాటను తమ ఉద్యమానికి పేరుగా పెట్టుకున్నాక గానీ అర్థం మారలేదు.)

ఇప్పుడు ఈ కుర్చీల్లోకి మన పిల్లలొచ్చారు. 2019 ఏప్రిల్లో తెలంగాణలో జూనియర్ పంచాయతీ కార్యదర్శులుగా, అదే ఏడు అక్టోబరులో ఆంధ్రలో గ్రామ సచివాలయాల ఉద్యోగులుగా చేరినవాళ్లలో ఇంటికి మొదటి డిగ్రీ తామే అయినవాళ్లు బోలెడుమంది. రెండు చోట్లా 15,000 జీతంతో మొదలు. తెలంగాణలో మూడేళ్లన్న ప్రొబేషను నాలుగేళ్లయింది. 2023లో సమ్మెకు దిగాల్సి వచ్చింది. పర్మినెంటు కాని ఉద్యోగి పెత్తందారుకి ఎదురు చెప్పడం ఎంత కష్టమో వేరే చెప్పక్కర్లేదు. 2018 చట్టం నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలంది, బతక్కపోతే వేటు కార్యదర్శి మీద. వాడకు నీళ్లు రాకపోతే వేటు ఎవరి మీద పడిందో మేమైతే వినలేదు.

డబ్బు దగ్గర మరో మెలిక. ఆ చట్టం వచ్చాక తెలంగాణలో చెక్కు మీద సర్పంచ్‌తోపాటు ఉప సర్పంచ్ సంతకమూ కావాలన్నారు. సర్పంచ్ పదవికి రిజర్వేషన్ ఉంది, ఉప సర్పంచ్‌కు లేదు. అంటే దళిత సర్పంచ్ రాసిన చెక్కు అగ్రకులపు ఇంట్లో ఆగగలదు. ఆగేది కంట్రాక్టరు బిల్లు ఒక్కటే కాదు. ఊరు ఊడ్చే కార్మికుల జీతమూ అందులోనే ఉంటుంది, వాళ్లలో ఎక్కువమంది మనవాళ్లే.

తీర్మానాల నకలు, ఇంటిపన్ను డిమాండు రిజిస్టరు, క్యాష్ బుక్కు, ఈ మూడూ 2005 సమాచార హక్కు చట్టం కింద అడగొచ్చు. గ్రామాల్లో పనిచేసే మిత్రులు వాటిని అడిగి, వాడకు పడిన ఖర్చుని ఊరికి పడిన ఖర్చు పక్కన రాసి చూడండి. అడిగేటప్పుడు ఆ కార్యదర్శి పిల్లో పిల్లాడో మనింటి మనిషే అయ్యుండొచ్చు. ఒంటరిగా ఒత్తిడి మోస్తున్న మనిషి వెనక నలుగురు ఉన్నారని ఊరికి తెలిసేలా, దరఖాస్తు పదిమందితో కలిసి వెళ్లి ఇవ్వండి.